కత్తిపీట దక్కని అతిథి

ప్రశ్న అడిగినవాళ్ళకు వెంటనే జవాబు చెప్పే అలవాటు చిదంబరయ్యగారికి ఎన్నడూ లేదు. గౌతమి పాయల మధ్య ఒక లంకలో, కొబ్బరితోట చివర, నాలుగు రేకుల పాకలూ ఒక వంటసాలా కలిపి ఆయన ఆశ్రమం. ఎవరైనా పడవ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, "అయ్యగారూ, మనసు నిలవటం లేదండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగితే ఆయన కాసేపు వాళ్ళ మొహంలోకి చూసి, "భోజనాల వేళయింది, లేవండి" అనేవారు. కొందరు అదే పెద్ద ఉపదేశమనుకుని పుస్తకంలో రాసుకుని మరీ వెళ్ళేవారు. నిజంగా బాధలో ఉన్నవాళ్ళు మాత్రం భోంచేసి ఉండిపోయేవారు.

ఆ ఆశ్రమానికి ఉన్నది ఒకే ఒక్క నియమం. మొదటి మూడు రోజులూ వచ్చినవాడు అతిథి. విస్తరి వేస్తారు, వడ్డిస్తారు, తిన్నాక ఆ విస్తరీ వాళ్ళే ఎత్తుతారు. నాలుగో రోజు పొద్దున ఎవరూ ఏమీ అనరు. వంటసాల అరుగు మీద అతని ముందు ఒక కత్తిపీటా, గంపలో ఆ పూట కూరగాయలూ పెట్టి, వంట చూసే తాయారమ్మ తన పనిమీద తాను పోతుంది. కూర్చుని తరిగినవాడు ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. తరగడం నామోషీ అనుకున్నవాడు మధ్యాహ్నం పడవకి ఎలాగూ వెళ్ళిపోతాడు. ఊళ్ళో కారు దిగితే పదిమంది ఎదురొచ్చే పెద్దమనుషులు కూడా అక్కడ మోకాలు మడిచి కూర్చుని ఆనపకాయ చెక్కు తీసినవాళ్ళే.

ఫాల్గుణ మాసంలో ఒక పొద్దున కోదండపాణి ఆ రేవులో దిగాడు. కరెంటు ఆఫీసులో ముప్ఫై అయిదేళ్ళు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఏడాదికి రెండుసార్లైనా వచ్చి అయ్యగారి ముందు కూర్చుని వెళ్ళడం అతనికి పాత అలవాటే గాని, ఎప్పుడూ పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు. ఈసారి బట్టల సంచీ తెచ్చుకున్నాడు. మొహం చూస్తే నెల రోజులుగా కంటికి కునుకు లేనట్టుంది. నమస్కారం చేసి, కూర్చోమనేదాకా కూడా ఆగకుండా అడిగేశాడు.

"అయ్యగారూ, పెరిగిన కొడుకుని ఇంట్లోంచి పొమ్మంటే పాపమాండి?"

ఆ తర్వాత ఆనకట్ట తెగినట్టు చెప్పుకొచ్చాడు. కొడుకు సుధీర్‌కి ముప్ఫై మూడేళ్ళు. తొమ్మిదేళ్ళుగా గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. నోటిఫికేషన్ పడితే వాయిదా, వాయిదా తీరితే కోర్టు కేసు, కేసు తేలితే అయిదు మార్కులు తక్కువ. డాబా మీద గది అద్దెకిద్దామని కట్టించారు. తొమ్మిదేళ్ళుగా అందులో ఉన్నది కొడుకే. లేచేది పదింటికి. పుస్తకాల మీద దుమ్ము, చేతిలో ఫోను. తల్లి సుభద్ర మోకాళ్ళు అరిగిపోయి, మెట్టు మెట్టుకూ గోడ పట్టుకుంటూ పైకి కంచం మోసుకెళ్తోంది. పది రోజుల కిందట అలా తీసుకెళ్తే, "ఇదేం చారు, ఒట్టి నీళ్ళు" అని కంచం అవతలకి తోశాడట. కింద నుంచి కోదండపాణి విన్నాడు. ఆ పూటే వాణ్ణి బయటికి గెంటేద్దామని లేస్తే సుభద్ర గుమ్మానికి అడ్డం నిలబడింది. "వాణ్ణి పంపిస్తే నేనూ వాడితోనే పోతా" అంది. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ ఎదురుమాట్లాడటం అదే మొదలు.

"మీరు పొమ్మనమన్నారని చెబితే ఆవిడ కాదనదండి. మీ మాట మీద గురి ఆవిడకి. ఒక్క మాట చెప్పండి, చాలు. నేనింక మొయ్యలేనండి" అన్నాడు. అంతదూరం అతను వచ్చింది నిజానికి సలహా కోసం కాదు, ఆ ఒక్క మాట పట్టుకెళ్ళి భార్య ముందు పెట్టడానికి. అది లేకుండా తిరిగి వెళ్తే ఆ ఇంట్లో ఏదో ఒకటి తెగిపోతుందని అతనికి తెలుసు. తెగేది కొడుకో, కాపురమో అన్నదే తెలియదు.

చిదంబరయ్యగారు అంతా విని, "నాలుగు రోజులుండండి, చూద్దాం" అన్నారు.

మొదటి మూడు రోజులూ కోదండపాణికి ప్రాణం లేచొచ్చింది. ఎన్నేళ్ళకో విశ్రాంతి దొరికింది. పొద్దున లేచేసరికి స్నానానికి వేడినీళ్ళు తోడి ఉండేవి. తాయారమ్మ కాఫీ తెచ్చి అరుగు మీద పెట్టేది. డెబ్బై దాటిన మనిషి, తుంటి ఎముక పట్టేసి ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. విస్తట్లో రెండోసారి పప్పు వద్దంటున్నా వేసేది. సాయంత్రం సుభద్ర ఫోన్ చేసి, "ఏవండీ, అయ్యగారేమన్నారు?" అని భయం భయంగా అడిగితే, "ఇంకా ఏం అన్లేదు" అని పెట్టేసేవాడు. పెట్టేశాక గోదావరి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఇంటి గొడవ అవతలి ఒడ్డున ఉండిపోయినట్టనిపించేది.

నాలుగో రోజు పొద్దున స్నానం చేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, వంటసాల అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాడు. నియమం అతనికి తెలియనిది కాదు. అతని తర్వాత వచ్చిన కాకినాడ దంపతులు కూడా అక్కడే, అతిథులుగా ఒక పక్కన కూర్చుని చూస్తున్నారు. తాయారమ్మ గంప తెచ్చింది, కత్తిపీట తెచ్చింది. తెచ్చి, తన ముందే వేసుకుని బీరకాయలు తరగడం మొదలెట్టింది.

"ఇలా ఇవ్వండమ్మా, నా పూట కదా" అన్నాడు కోదండపాణి.

"మీకెందుకండి బాబూ ఇయ్యన్నీ? ఆ చెట్టు కింద గాలికి కూర్చోండి, కాఫీ తెత్తాను" అంది ఆవిడ.

మొదట అతనికి అది గౌరవంలాగే అనిపించింది. పాతికేళ్ళ శిష్యరికానికి అయ్యగారు ఈ మర్యాద చేయిస్తున్నారు కాబోలనుకున్నాడు. కాస్త గర్వం కూడా వేసింది, దాచడమెందుకు. మర్నాడు కాకినాడ ఆయన ముందుకి కత్తిపీట వచ్చింది. ఆయన గుమ్మడికాయతో కుస్తీ పడుతుంటే కోదండపాణి బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నాడు. ఆరో రోజు చీపురు తీసుకుని ముంగిలి ఊడ్వబోతే తాయారమ్మ వచ్చి లాక్కుంది. నూతి దగ్గర చేద పట్టుకుంటే ఇంకెవరో వచ్చి తోడేశారు. తన విస్తరి తాను ఎత్తుకోబోయినా సాగలేదు. ఏడో రోజు నుంచి అడగటం మానేశాడు. ఎనిమిదో రోజు తెల్లారినా లేవలేదు. లేచి ఏం చెయ్యాలి గనక?

మనిషి ఎంత తొందరగా అలవాటు పడతాడో చూస్తే నవ్వూ వస్తుంది, నీరసమూ వస్తుంది. ముప్ఫై అయిదేళ్ళు కోడి కూయకముందే లేచి భుజాన తాడు వేసుకుని పోయిన మనిషి, ఎండ మొహాన కొట్టేదాకా మంచం మీద దొర్లి, లేచాక ఫోనులో చూసిన వార్తే మళ్ళీ చూడసాగాడు. పప్పులో ఉప్పు తక్కువైంది. పక్కపాకలో వాళ్ళు గట్టిగా మాట్లాడుతున్నారు. పని చేసేవాళ్ళందరూ ఏదో ఒకటి చెప్పుకుని నవ్వుకుంటూంటే, అది తన గురించేననిపించేది. తొమ్మిదో రోజున పనసపొట్టు కొట్టారు. ఆశ్రమం మొత్తం చేతులకి నూనె రాసుకుని అరుగు చుట్టూ చేరింది. కాకినాడావిడ అతణ్ణి చూసి, "మీరేమిటండీ, పెళ్ళికొడుకులా కూర్చున్నారు?" అంది హాస్యానికి. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం తాయారమ్మ కాఫీ తెచ్చింది. పనసపొట్టు పనిలో ఆలస్యమైంది పాపం, తెచ్చేసరికి చల్లారింది. ఒక గుక్క తాగి కోదండపాణి గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"ఇది మనుషులు తాగే కాఫీయేనా?" అన్నాడు, నలుగురూ వినేలా.

తాయారమ్మ గ్లాసు తీసుకుని, ఒరుగుతూ ఒరుగుతూ వంటసాలలోకి వెళ్ళిపోయింది. ఆవిడ వీపు వంక చూస్తూ కూర్చున్నాడు. తన నోట వచ్చిన ఆ గొంతు ఎవరిదో అతనికి వెంటనే తెలిసిపోయింది. లేచి వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాడు. మొహం చెల్లలేదు. ఆ పూట సుభద్ర ఫోన్ చేస్తే ఎత్తలేదు.

రెండు రోజులు గడిచాక, అంటే పదకొండో రోజు పొద్దున, వంటసాలలో దీపం మిణుకు మిణుకుమని కొట్టుకోవడం మొదలెట్టింది. కోదండపాణి గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూశాడు. కప్పు దగ్గర జాయింటు వదులైంది, మరేం లేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది అతనికి. సంచీలో ఎప్పుడూ ఉండే టెస్టరు తెచ్చుకుని, స్టూలు లాక్కుని, "ఒక్క పది నిమిషాలమ్మా, మెయిన్ ఆపుతాను" అన్నాడు. తాయారమ్మ స్టూలుకి అడ్డం వచ్చేసింది.

"వద్దండి బాబూ. మీరు కూర్చోండి. అయ్యగారు అవతలి ఒడ్డు నించి మనిషిని పిలిపిత్తన్నారు."

"నేనుండగా ఇంకో మనిషెందుకండీ! ఇది నా పనమ్మా!"

"ఆయన వద్దన్నారండి" అంది తాయారమ్మ, తల వంచుకుని.

ఓ గంటకి ఆ మనిషి వచ్చాడు. కోదండపాణి బయట నిలబడి కిటికీలోంచి చూశాడు. వాడు తీగలు మెలి వెయ్యకుండా, పక్కపక్కన పెట్టి టేపు చుట్టేశాడు. అలా వేసిన జాయింటు నెల తిరక్కుండా ఊడుతుంది. కోదండపాణి చేతివేళ్ళు వాటంతటవే కదిలాయి, మెలి వేస్తున్నట్టు. దీపం వెలిగింది, అందరూ బాగుందన్నారు. అతనికి ఒళ్ళు మండిపోయి, పాకలోకి వెళ్ళి బట్టలు సంచీలో కుక్కుకుని, నేరుగా చిదంబరయ్యగారి దగ్గరకి నడిచాడు.

ఆయన కొబ్బరాకులు ముందు పోసుకుని చీపుర్ల కోసం ఈనెలు చీరుతున్నారు.

"నేను చేసిన తప్పేంటండి అయ్యగారూ?"

"భోజనానికేమైనా లోటు చేశారా?"

"లేదండి."

"పడకకి?"

"లేదండి."

"మరి ఉండండి, ఎవరొద్దన్నారు?"

"ఎలా ఉండనండి!" అరిచినంత పని చేశాడు కోదండపాణి. "తుఫాన్లలో పీకల్దాకా నీళ్ళలో నిలబడి ఊళ్ళకి ఊళ్ళకే దీపాలిచ్చినోణ్ణండి. ఒక్క జాయింటు వెయ్యడానికి పనికిరానాండి నేను? కూర్చోబెట్టి మేపుతున్నారు. నామీద నాకే అసయ్యం పుడతందండి. ఆ అసయ్యమంతా తీసుకెళ్ళి ఆ ముసలావిడ మీద పోశాను." అక్కడే కూలబడ్డాడు.

చిదంబరయ్యగారు చీరిన ఈనెను కట్టలో పెట్టి, ఇంకో ఆకు తీసుకున్నారు. "మీ అబ్బాయి మిమ్మల్నెప్పుడైనా పని అడిగాడా?" అన్నారు, మామూలుగా.

"లేదండి" అనేశాడు కోదండపాణి. మరీ తొందరగా అన్నానని అతనికే అనిపించింది.

ఆయన ఈనెలు చీరుతూనే ఉన్నారు. కోదండపాణి తల వంచుకుని చెప్పడం మొదలెట్టాడు. ఎనిమిదేళ్ళ కిందట జూనియర్ లైన్‌మన్ పోస్టులు పడ్డాయి. సుధీర్ డిగ్రీకి ముందు ఐటీఐ చేశాడు, దానికి ఆ చదువు చాలు. కాని స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. తండ్రికి చెబితే ఒప్పుకోడని, సబ్‌స్టేషన్ వెనక పాత స్తంభం మీద వారం రోజులు దొంగతనంగా సాధన చేశాడట. ఎవరో వచ్చి చెబితే కోదండపాణి డ్యూటీ మధ్యలో పరిగెత్తాడు. వెళ్ళేసరికి కొడుకు స్తంభం పైన ఉన్నాడు. తాడు సరిగ్గానే కట్టుకున్నాడు, కాళ్ళు సరిగ్గానే పెట్టాడు. బాగా ఎక్కాడు, తనకంటే బాగా. కింద తండ్రిని చూసి నవ్వాడు కూడా.

"నా పక్క స్తంభం మీదే నాతో పనిచేసే సూరిబాబు షాకు కొట్టి మాడిపోయాడండి, అంతకు రెండేళ్ళ ముందు. ఆడి శవాన్ని నేనే దింపాను. అందుకని..." ఆగాడు. "కిందనించి 'దిగు' అన్నానండి. అంతే. అంతకంటే ఏం అన్లేదు. దిగాడు. దిగాక మాత్రం, నువ్వు ఆఫీసరు కావాలిరా, ఈ పని నాతోనే పోవాలి అన్నాను. సరే నాన్నా అన్నాడు. ఇంటికొచ్చి పైకెళ్ళిపోయాడు. తర్వాతింకెప్పుడూ... ఇంట్లో ఫ్యూజు పోయినా నేనే చూస్తానండి. ఆణ్ణి ముట్టుకోనివ్వను."

చిదంబరయ్యగారు మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. కోదండపాణికి దుఃఖం కాస్తా రోషంలోకి తిరిగింది.

"అయితే తప్పంతా నాదేనంటారు. ముప్ఫై మూడేళ్ళోడికి ఆడి బుద్ధి ఆడికుండక్కర్లేదాండి? తల్లి మోకాళ్ళు ఆడి కంటికి కనబడవా?"

"ఉండాలి. కనబడాలి" అన్నారాయన. "అతను పడవెక్కి వచ్చి అడిగితే ఆ మాట అతనితో చెబుతాను. అడిగింది మీరు."

మధ్యాహ్నం పడవకి వేళైంది. కోదండపాణి ముందు వంటసాలకి వెళ్ళాడు. తాయారమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. ఆ రోజు కాఫీ గురించి ఏదో అనబోయాడు. ఆవిడే తలెత్తి, "నన్నేం అనుకోకండి బాబూ. మీ సేతిలో పనులన్నీ లాక్కుంటుంటే నా ప్రాణం ఉసూరుమనేదండి. సెప్పింది సెయ్యాలి గదా" అంది. అతను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆవిడ కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

రేవుదాకా చిదంబరయ్యగారు వచ్చారు. అలా ఎవరికోసమూ ఆయన రారు. పడవ అటు నుంచి ఇంకా రాలేదు. కోదండపాణి ఫోను మోగింది, సుభద్ర. రెండు రోజుల తర్వాత ఇప్పుడు ఎత్తాడు. "ఏవండీ, ఏమైపోయారండీ? అయ్యగారేమన్నారు?" అంటున్న ఆవిడ గొంతు పక్కనున్న ఆయనకీ వినబడింది. "బయల్దేరుతున్నా. వచ్చి చెబుతా" అని పెట్టేసి, అయ్యగారి వైపు తిరిగాడు. వచ్చిన రోజున అడిగినంత గట్టిగా అడగలేకపోయాడు.

"ఏం చెప్పనండి ఆవిడకి? పొమ్మనాలా, ఉండమనాలా? ఎటూ తేలకపోతే నా గతేంటండి?"

చిదంబరయ్యగారు నీళ్ళ మీద పడవ దగ్గరవుతుంటే దానివంకే చూస్తూ, "పొద్దున దీపం దగ్గర వద్దన్నందుకు కోపం తగ్గిందా?" అని అడిగారు.

కోదండపాణి అబద్ధం చెప్పలేకపోయాడు. "లేదండి. ఇంకా మండుతూనే ఉంది."

పడవ ఒడ్డుకి తగిలింది. ఆయన సంచీ అందుకుని, అతని చేతికిచ్చారు.

"మీకింకా ఒక్క పూటే అయింది, కోదండపాణిగారూ. ఎనిమిదేళ్ళు కాలేదు."